చింతగింజంత సొట్ట

ఇది పెట్రోల్ తాగే ట్యాంకు గాదు.
సాల్మన్ రాజు సారు సైకిలుకి
రెండు కడ్డీల నడుమ కూసోబెట్టనీకి
పాత కూలర్ పక్కరేకు కోసి
మక్బూల్ ఉస్తాద్ పద్దెనిమిది రోజులు వంచిన ఆకారం.
"యాభై రెండేండ్లొచ్చినయ్, బండి కొనలే.
ట్యాంకన్న ఉండనీ"
అన్నడా బ్యాంకు అటెండరు,
ఎనిమిది వందలు అడ్వాన్సు పెట్టి
సిగ్గుపడి నవ్వుకుంట.

పుత్లీబౌలి గల్లీల మా దుకాణం.
మంచమేస్తే తలుపు పడదు.
మొన్న రాత్రి కరెంటు పోయినప్పుడు
పై అరలకెళ్లి పానా జారింది.
టంగ్.
ఒక్కటే చప్పుడు.
ఫోన్ వెలుగుల దేవులాడిన,
ఏం కనవడలే.
కనవడలేదని నాకు నేనే చెప్పుకున్న,
రెండు మూడు సార్లు.

తెల్లారి ఉస్తాద్ వచ్చి
బట్టతోటి తుడిచి, ఎడమ అరచెయ్యి పరిచి
పిల్లి వీపు నిమిరినట్టు నిమిరి
ఒక్క తావుల ఆగిండు.
ఆయన కుడి కంటికి పొర.
ఎడమది ట్యూబులైటు చూస్తెనే కారుతది.
"చింతగింజంత" అన్నడు.
"నడుమల ఓ గీత గూడ."
ఎవరని అడగలే.

"రంగేస్తే కానరాదు ఉస్తాద్."
"రంగేస్తెనే కానొస్తది.
గిప్పుడు రేకుల దాక్కుంది.
రేపు మెరుపొచ్చినంక
ట్యూబులైటు నీడ దాని మీదికెళ్లి నడుస్తది గదా,
గాడికొచ్చి కుంటుతది."

లోపలికి తొవ్వ ఒక్కటే, మూత బొక్క.
చెంచా కాడ వంచి దూర్చి
బయట ఇనుప దిమ్మ ఆనించి
తట్టిన, తట్టిన,
సుత్తెతోని గాదు, భయంతోని.
ఎక్కువైతే గుంత పోయి గుబ్బ లేస్తది.

లప్పం కలిపిన.
ఏప్రిల్ ఎండకు
గట్టిపరిచే మందు శెనగగింజంత ఎక్కువైందో ఏమో
పలుగ మీదనే రాయైంది.
పారేసి మళ్ల కలిపిన.
పూసి, ఆరబెట్టి, వేళ్లతోని రుద్దుతుంటే
చెయ్యి మీద ఒక్కటిచ్చిండు:
"చెక్కకు చుట్టు కాగితం!
వేళ్లతోని రుద్దితే నీ వేళ్ల గుంతలే దిగుతయ్."

నల్ల రంగు పొగ లెక్క ఊది మళ్ల రుద్దిన.
నలుపంత పోయింది,
ఓ మచ్చ మిగిలింది ఈగంత.
అంటే ఆడ ఇంక లోతుంది.
మళ్ల లప్పం. మళ్ల చెక్క.
నీళ్ల కాగితం, బూడిద నీళ్లు మోచేతుల దాక.
"ఆంఖ్ మూస్కో" అన్నడు ఉస్తాద్.
మూసిన.
అరచేతి కింద రేకు ఎక్కడయిపోయిందో
లప్పం ఎక్కడ మొదలైందో
తెలువలే.
తెలువకపోతే ఇంత సంబురమైతదని
ఎవ్వలూ చెప్పలే నాకు.

ప్రైమర్ కొట్టినంక
పన్నెండు నంబరు పానా తెమ్మన్నడు.
ఏ బోల్టు బిగిస్తడో అనుకున్న.
దాని నోటిని బొటనవేలితోని తడిమి
"అంచు ఇరిగింది" అని
పాత సామాన్ల డబ్బల ఏసిండు.
ఇరవై ఏండ్ల పానా.
"కొత్తది పటుకరా, ఇగో పైసలు."
నా దిక్కు చూడలే.
నేను ఆ రోజు చాయ్‌ల చక్కెర తక్కువైందని గూడ అనలే.

పొద్దుగూకంగ సాల్మన్ రాజు సారొచ్చిండు
రంగు చెప్పనీకి. సిరా నీలం.
ట్యాంకుని ఒళ్లె పెట్టుకున్నడు,
వేలు మడిచి తట్టి చూసిండు.
టంగ్. టంగ్.
పక్కకు జరిగిండు. టంగ్.
లప్పమున్న తావుల తడితే
డబ్ మంటది, తడి గోడ లెక్క.
అది నాకు ఎరుక, ఉస్తాద్‌కు ఎరుక.
ఇంకో బెత్తెడు.
ఉస్తాద్ రంగు డబ్బ మూత తీస్తున్నట్టు
అటు తిరిగిండు.

సారు వేలు గాలిల ఆపి
"లోపల ఏమన్న పెట్టుకోవచ్చా,
టిఫిన్ డబ్బ గిట్ల?" అన్నడు.