తాడు మీద తీర్పు

థోరికోస్ రంగస్థలంలో
దేవుళ్ళను దించేవాణ్ణి నేను.
రోజుకు మూడు ఒబోలులు, ఒక చెంబు పులిసిన ద్రాక్షసారా,
ఎండుచేప దొరికితే దొరికినట్టు.

కథ చిక్కుముడి పడి, రాజుకు దారులన్నీ మూసుకుపోయి,
బృందగానంవాళ్ళు "రాసిపెట్టి ఉంది, రాసిపెట్టి ఉంది" అని
గుండెలు బాదుకునే చోట
వెనకాల నేను గిలక తిప్పుతాను.
ఆకాశం కిర్రుమంటుంది.
రాతిమెట్ల మీది జనం ఒక్కసారిగా తలలెత్తుతారు.
దేవుడి బరువు ఆరు మణుగులు, చెప్పులతో కలిపి.
నా అరచేతులకు తెలుసు.

ఆ రోజు సముద్రదేవుడి వేషం హేగియాస్‌ది.
వెల్లుల్లి వాసన కొడుతూ వచ్చి నా భుజం తట్టాడు:
"మెల్లగా దించు బాబూ,
నిన్న నడుం పట్టేసింది."
మూడో పాట సగంలో పడ్డాడు.
వేషపు ముఖం చెక్కు చెదరలేదు.
దాని వెనకాల మెడ విరిగింది.
అదీ నాటకంలోదే అనుకుని
కాసేపు చప్పట్లు కొట్టారు.

తొమ్మిదో నాడు పెద్దలు కూర్చున్నారు.
మా దగ్గర అంతే:
మనిషిని చంపితే రాయికైనా కర్రకైనా విచారణ తప్పదు.
తాడును తెచ్చి నేల మీద పరిచారు.
మూడుసార్లు పిలిచారు.
పలకలేదు.

ముగ్గురు ముసలమ్మలు ఎక్కడో చీకట్లో కూర్చుని
మన నూలు వడుకుతారనీ, కొలుస్తారనీ,
కొలత అయ్యాక తుంచుతారనీ
పూజారి చెప్పాడు.
హేగియాస్ తండ్రి తలూపాడు.
"కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుంది,
నువ్వేం చేస్తావు నాయనా, విధి" అని
నా చెయ్యి పట్టుకున్నాడు.
వణుకుతున్నది ఆయన చెయ్యో నాదో తెలియలేదు.

విధి.
అవును, నా విధి ఏమిటో నాకు తెలుసు.
పొద్దున్నే తాడును వేళ్ళ మధ్యనించి లాగుతూ
మూర మూరా తడిమి చూడటం.
ఆ పొద్దున పదకొండో మూర దగ్గర
ఒక పురి తెగి ఉంది.
చూశాను.
కొత్త తాడంటే నా కూలిలో కోస్తారు.
ఈ ఒక్క నాటకానికి ఆగదా అని
దాని మీద తారు పూశాను,
నున్నగా,
పసివాడి పుండుకు మందు పూసినంత శ్రద్ధగా.
ముసలమ్మలు వడికింది నూలు.
తాడు నాది.

నేరం తాడుదే అని తేల్చారు.
పొలిమేర రాయి అవతలికి విసిరేశారు.
అది ఒక్క మాట అనలేదు.
నేనూ అనలేదు.

ఇప్పుడు కొత్త తాడుంది, కొత్త దేవుడున్నాడు.
"ఎవరు తప్పించగలరు" అనే పాట రాగానే
ఈ రంగస్థలంలో అందరికన్నా ముందు ఏడ్చేది నేనే.
ఎంత వెచ్చటి మాట అది!
కంబళిలాంటిది. కప్పుకుంటే కాళ్ళు కూడా కనపడవు.

నిన్న రాత్రి కంబళి లేకుండా వెళ్ళాను,
పొలిమేర దాటి, వెండిగనుల బూడిద తొక్కుకుంటూ.
ముళ్ళపొదలో చుట్ట చుట్టుకుని పడి ఉంది.
పాము కాదు. తాడే.
వెన్నెల్లో తెగిన కొస వెతికాను.
నుదుటిరాత చదవగలిగినవాళ్ళు ఊరినిండా ఉన్నారు,
నాకు చదువు రాదు.
తారు గట్టిపడింది.
దాని మీద నా బొటనవేలు,
గీతలతో సహా.