నవంబరు సంతకం

ప్రతి నవంబరు
బాపు తెల్లంగి తనే ఇస్త్రీ చేసుకొని
చౌరస్తా కాడి బ్యాంకుకు పోయేటోడు,
తను బతికే ఉన్నడని సంతకం పెట్టిరానికి.
వచ్చి, అవ్వ ఒడిల మిర్చిబజ్జీల పొట్లం పెట్టి
"ఇంకో ఏడాదికి పర్మిషన్ దొరికింది" అనేటోడు.

ఈ నవంబరు మేం పోయినం.
కౌంటర్ల పిల్లగాడు తల ఎత్తకుంటనే
"పింఛన్‌దారు రాలేదా?" అన్నడు.
అవ్వ నా మొఖం చూసింది.
నేను గోడ మీది క్యాలెండర్ చూసిన.

తాళ్లపెల్లి ఓదెలు. హవల్దారు. సిగ్నల్స్.
నల్ల ట్రంకుపెట్టె మీద తెల్లరంగుతోని
తనే రాసుకున్న పేరు, దాని కింద నంబరు.
ఎక్కాల కన్న ముందు
మాకు ఆ నంబరే నోటికొచ్చింది.

పదిహేడేండ్లు కొండల మీద వైర్లు గుంజిండు.
యుద్ధం గురించి చెప్పు బాపూ అంటే
కంచరగాడిద గురించి చెప్పేటోడు:
కేబుల్ చుట్టలు మోసేదట, పేరు రంగీలి,
మంచుల చెవులు రుద్దితేగాని అడుగేసేది కాదట.
"మరి నువ్వు తుపాకి పేల్చినవా?"
"రంగీలికి బెల్లమంటే పానం."
అంతే. ఆ కథ అక్కడ్నే మోకాళ్లు వంచి కూసునేది.
దీపావళి రాత్రి మాత్రం
వాడకట్టుల పటాకులు మోగంగనే లేచి
మా మంచాల నడుమ నిలబడేటోడు
చీకట్ల, రెండు చేతులు చాపి,
ఒక్క మాట లేకుంట.

పట్టీలు, బూట్లు పెట్టెల పెట్టినంక
ఏనుమాముల మిర్చియార్డుల రాత్రి కావలి.
కాశిబుగ్గ దాక సైకిల్ మీద ఆ ఘాటు ఆయనతోనే వచ్చేది.
అవ్వకు కీళ్లవాతం, చేతులు భుజం దాటకపోయేటియి.
మా జడలు ఆయన డ్యూటీల పడ్డయి.
పొద్దుగాల ఆరింటికి గడప ముందట అక్క, ఆమె ఎనుక నేను.
మూడుసార్లు సబ్బుపెట్టి చేతులు కడిగి
వాసన చూసుకొని, మళ్ల ఒకసారి కడిగి
అప్పుడు దువ్వెన పట్టేటోడు.
మూడు పాయలు. బిగువు.
తెగిన లైను కలిపినట్టు.

"ఎవరేసిండ్రే? పొద్దుమీకినా ఒక్క వెంట్రుక కదల్లే"
అన్నది బడిల సుగుణ టీచరు.
సిగ్గుపడి, "మా అవ్వ" అన్న.
ఆ అబద్ధం ఇంకా
మెడ ఎనుక సన్నగ గుంజుతది.

అవ్వకు బువ్వ కలిపి ముద్దలు పెట్టేటోడు
చుట్టాల ముందట గూడ.
మిలిటరోడు పెండ్లానికి తినిపిస్తుండని
పక్కింటి కొమ్మాలు నవ్వితే
"లైన్ల ఉన్నోళ్లందరికీ రేషన్ అందాలె గదా" అన్నడు,
ఇంకో ముద్ద చేసుకుంట.

ఎంజీఎంల చివరి రాత్రి
దుప్పటి అంచు దారాలు మూడు గుంజి
అల్లుతనే ఉన్నడు.
నర్సు విడిపిస్తది. మళ్ల మొదలు వెడతడు.
నేను కింద కూసోని మంచానికి తల ఆనిచ్చిన.
యాభై రెండేండ్ల తల, సగం నెరిసింది, పలచబడ్డది.
వేళ్లు గుర్తుపట్టినయి.
మెల్లగ, ఒక్కో పాయ, నడుమ మర్చిపోయి, మళ్ల తెలిసి...
అక్క రబ్బరుబ్యాండు కోసం పర్సు వెతికేలోపు
నిద్రపోయిండు.
రెండు రోజులు నేను తల దువ్వుకోలె.

బ్యాంకుల కాగితం మారింది.
'సంబంధం' అన్న కాడ నేనే 'భార్య' అని నింపిన.
మిషన్ మీద అవ్వ బొటనవేలు పడ్తలేదు,
వంకర పోయింది, గీతలు అరిగినయి.
"గట్టిగ వత్తండమ్మా" అంటడు పిల్లగాడు.
నాలుగోసారికి ఆమె చెయ్యి కింద నా చెయ్యి పెట్టిన.
పచ్చ లైటు వెలిగింది.
అవ్వ బతికున్నదట.

చౌరస్తాల ఆటో ఆపిచ్చి
"పావుకిలో తీస్కో" అన్నది.
ఉఫ్ అని ఊది, తుంచి, నోటికందిస్తే
నములుకుంట చానా సేపు రోడ్డు చూసింది.
"అవునే,
ఆ రంగీలి ఏమైందో
నీకెన్నడన్న చెప్పిండా?"

లేదవ్వా.