మూల దగ్గర

రాక్‌ఫర్డ్, ఫిబ్రవరి, రెండో షిఫ్టు.
స్టీలు దిమ్మలో ఒకే గుంట, తెర మీద రెండు దారులు.
ఒకటి గోడ వెంటే గోడ, చతురస్రంలో చతురస్రం.
రెండోది మెలికల ముగ్గు
చుట్టుకుంటూ, కొంచెం జరుగుతూ, మళ్ళీ చుట్టుకుంటూ
పలచగా చెక్కు తీసేది.

మొదటిది పదకొండు నిమిషాలంది సాఫ్ట్‌వేర్.
రెండోది పద్నాలుగు.
మూడు నిమిషాలు ఎవరికి చేదు?

లిండ్‌క్విస్ట్ తెర వైపు చూడడు.
తలుపు అద్దానికి అరచెయ్యి ఆనించి వింటాడు.
మూల తిరిగేచోట కట్టర్ కీచుమంది.
రెండు పక్కలా లోహమే, ఊపిరాడని చోటు.
మూడో మూలలో టక్.
అరంగుళం కార్బైడ్, నలభై డాలర్లు,
రజను కుప్పలో ఊడిన పన్నులా.

"మళ్ళీ చెయ్," అన్నాడు.
తిట్టలేదు. అదే ఎక్కువ బాధ.

రెండో దారి సగంసేపు గాలినే కోస్తుందని
ఎప్పట్నుంచో ఆయన గొణుగుడు.
ఇవాళ గొణగలేదు.
మూలలోనూ నడిమిలోనూ చప్పుడొకటే,
కుట్టుమిషన్ మీద పొడుగాటి అంచు సాగినట్టు.
నీలిరంగు పొట్టు రాలింది,
వేడినంతా తనే మోసుకుపోయింది.
దిమ్మ ముట్టుకుంటే గోరువెచ్చన.

గెలిచానని తలెత్తాను.
ఆయన గోరు అప్పటికే సన్నగోడ మీద ఉంది,
వెంట్రుకవాసి అల దగ్గర ఆగి.
"ఈ గోడకి పాతదే పెట్టు. మెల్లగా."

పెట్టాను.
మొత్తం పంతొమ్మిది నిమిషాలు.
తెర మీద మొదటి దారి
ఇంకా పదకొండే అంటోంది,
ఏమీ విరగనట్టు.