తోక పట్టేవాళ్ళు

ఖాతా పుస్తకంలో ఆ పేజీ ఇంకా ఉంది.
పులి తోకలు పద్నాలుగు, బాకీ మూడు.
దాని కింద నా వంకర రాతలో:
ప్రియంబద పాణిగ్రాహి, గౌను ఒకటి, తోకతో.

బరంపురంలో తోక కావాలంటే మా కొట్టుకే రావాలి.
రెండేళ్ళకోసారి ఠాకురాణి పుట్టింటికొచ్చినప్పుడు
ఒళ్ళంతా పసుపురంగు పూసుకుని
వీధుల్లో పడే పులులకి
వెదురుబద్ద పెట్టి, పాతగుడ్డ కూరి,
తోకలు కుట్టేది మా అమ్మ.
తర్వాత నేను.

మా నాన్న పులి కట్టేవాడు.
వెనక తోక పట్టుకుని నేను.
ఎగిరితే వదలాలి, దిగేలోపు అందుకోవాలి.
పులి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలీదు,
వీపే తెలుసు, చెమటకి కారిపోయే చారలు తెలుసు.
పదకొండో ఏట మేనత్త వచ్చి
నా చేతిలో తోక తీసి తమ్ముడు దండాసికిచ్చింది.
"చాల్లే, ఎదిగిన గుంటవి."
వాడికి ఆరేళ్ళు.
మొదటి గంతుకే తోక ఊడొచ్చింది.

ప్రియంబద ఫోనులో బొమ్మ చూపించింది.
స్పెయిన్ దేశమట, ఫ్లమెంకో అట.
నడుం దాకా మనిషి.
నడుం కింద మొగలిపొదో మొసలో తేల్చుకోలేకపోయాను,
కుచ్చు మీద కుచ్చు,
గజంన్నర నేల మీద పడుంది.
"ఇదెవరు పట్టుకుంటారే?" అన్నాను.
నవ్వింది.

నేను కొలతలు తీస్తుంటే చెప్పింది.
నూటయాభై ఏళ్ళ కిందట
అక్కడి దొరసానులు తొడిగేవారట ఇలాంటివి.
గుడ్డ నేలకీడుస్తోందంటే
ఆ మనిషి నేల ఊడవక్కర్లేదని అర్థమట.
మెట్లెక్కితే ఎత్తడానికి దాసీ.
ఫ్యాషన్ మారింది,
దొరసానులు తోక కత్తిరించేసుకున్నారు.
దీపాల పొగా సారా వాసనా నిండిన పాటల హోటళ్ళలో
రాత్రి కూలికి ఆడే ఆడవాళ్ళు మాత్రం
దాన్ని వదల్లేదట.
పట్టు కాదు, నూలే.
నూలుకి గంజి.
దాసీ లేదు కనక
మడమతో ఎత్తడం నేర్చారట.

గంజి అన్నాక నాకు నమ్మకం కుదిరింది.
పడుగుకి గంజి పట్టించే వీధి మాది.
గుడ్డకి వెన్నెముక ఎక్కడినుంచొస్తుందో
మాకొకరు చెప్పాలా?

లోపలివైపు కూడా కుచ్చులు కుట్టమంది.
కనపడని చోట ఎందుకన్నాను.
"మోసేవి అవే మావుసీ."
ఇరవై ఆరు మీటర్లు.
రెండు సూదులు విరిగాయి.
గదిలో పట్టక అరుగు మీద పరిస్తే
ఎండుచేపల గవరమ్మ దాటబోయి ఆగి
బుట్ట సర్దుకుని చుట్టూ తిరిగి పోయింది,
పడుకున్న మనిషిని దాటకూడదన్నట్టు.

తొడిగి చూసుకుంది.
తను తిరిగింది.
తోక ఆలోచించుకుని తిరిగింది.
నా నడుం దానంతటదే వంగింది,
నలభై ఏళ్ళ తర్వాత నా వేళ్ళు
ఒక అంచు అందుకున్నాయి.
"వదిలేయండి మావుసీ."
వదిలాను.
మడమ వెనక్కి ఒక్క తన్ను.
తోక లేచింది, పక్కకి పడింది,
అరుగు కింద దుమ్మూ దారపు ముక్కలూ లేచి
నా కళ్ళలో పడ్డాయి.

గోపాల్‌పూర్ హోటల్లో ఆటకి రమ్మంది.
వెళ్ళలేదు. పద్నాలుగు పులులున్నాయి.
ఆ రాత్రి కొట్టు షట్టరు దించి
చీర కుచ్చిళ్ళ వెనక పాత దుప్పటి పిన్నీసులతో పెట్టుకున్నాను.
మొదటిసారి నా కాలికే చుట్టుకుంది.
రెండోసారి మిషను పెడలుకి.
మూడోసారి ఏటైందో గాని
నేను తిరిగాక, కాస్త ఆగి,
నా వెనక ఏదో తిరిగింది.

అప్పుడే షట్టరు మీద దబదబా.
"అక్కా, నా తోక అయ్యిందేటే?"
దండాసి. నలభై ఆరొచ్చినా ఇంకా పులే.
"అవలేదురా" అన్నాను.
తీయలేదు కాసేపు.