ఒత్తు లేని ద

కాగితం తెచ్చిన కుర్రాడు
కొట్టు గుమ్మంలో నిలబడే అడిగాడు:
"అక్షరానికెంత, పీరా మామా?"
"రంగుతో కలిపి పది.
గుడికీ కొమ్ముకీ ఒత్తుకీ వేరే లెక్క లేదు."

నాలుగడుగుల నల్లరాయి.
మార్కాపురం రోడ్డు స్టేషను ముందర
పాలేటి మాలకొండయ్య గారి స్మారకం.
కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను:
పంచాయతీ బడి పంతులు
సమితి ప్రెసిడెంటు
శాసనమండలి సభ్యులు
పార్లమెంటు సభ్యులు, రెండు మార్లు
కేంద్ర విధ్యాశాఖ సహాయ మంత్రి
జాతీయ పాఠ్యప్రణాళికా సంఘం అధ్యక్షులు
ఆఖర్న, ఎందుకో, మత్స్యశాఖ.
బావుల్లో కూడా నీళ్ళు చాలని ఊరివాడికి
చేపలిచ్చి పంపారు ఢిల్లీ వాళ్ళు.

వేళ్ళ మీద లెక్క కట్టాను.
నలభై రెండేళ్ళ కొలువు
పందొమ్మిది వందలకి తేలింది.

ఇందులో ఎక్కనిది ఒకటుంది.
పలకల గని పక్కన రేకుల షెడ్డు.
మా అమ్మ ఖాసింబీ ఉలి పెట్టి పొరలు విడదీస్తే
నేను అంచులు కోసేవాణ్ణి.
ఎక్కడెక్కడి పిల్లలకో మా పలకలు
గూడ్సు బండి ఎక్కి పోయేవి.
మా చేతికి మూలలు పోయినవి మిగిలేవి.
చీకటి పడ్డాక సైకిలు హ్యాండిలుకి
పెట్రోమాక్సు లైటు తగిలించుకుని వచ్చేవాడు,
అప్పటికింకా ఏ సభ్యుడూ కాదు.
విద్య రాయమంటే విధ్య రాశాను ఒకరోజు.
బలపంతో కణుపు మీద ఒక్కటిచ్చాడు.
"దాని కింద ఆ మేకు ఎందుకు కొట్టావురా?"
ఉమ్మేసి తుడిచి
మేకు పీకేశాను.

ఆయన ఢిల్లీ పోయిన ఏడు
షెడ్డులో రేడియో చుట్టూ కూచున్నాం.
తొలి సంతకం: ప్రతి బడికీ పలకలు.
ఆ రంజాన్ నెలంతా
సహరీ తినేసి నేరుగా గనికే పోయాం.
మూడో ఏడు ఇంకో సంతకం:
రాతిపలక బరువు, పగులుతుంది,
ప్లాస్టిక్కు మేలు.
అదీ నిజమే. పిల్లల సంచులు తేలికపడ్డాయి.
గనుల్లో వాననీరు నిలిచింది,
గట్టున సర్కారు తుమ్మ లేచింది.
మా అన్న మౌలాలీ రొమ్ములోకి పోయిన రాయి మాత్రం
ఏ జీవోకీ కరగలేదు.

ఒకసారి వచ్చాడు, ముందూ వెనకా జీపులతో.
జనంలో నన్ను గుర్తుపట్టి
భుజమ్మీద చెయ్యేసి అడిగాడు,
"పిల్లల్ని చదివిస్తన్నావా?"
"చదువుతున్నారండీ."
నేను పలకల మాటెత్తలేదు. ఆయనా ఎత్తలేదు.
కాసేపు ఇద్దరం
పట్టాలు వంపు తిరిగే వైపు చూశాం.
ఆ పూట బండి కూడా ఆలస్యం.

కుర్రాడికి ఐదో వరస చూపించాను.
"ఒత్తు ఎక్కువైంది చూడు."
"ఛైర్మన్ గారి సంతకమైపోయింది మామా,
రాసింది రాసినట్టే చెక్కు."
"నువ్వేం చదివావు?"
"ఎమ్మే."
నేనేం అనలేదు.
పలక మీద తప్పుకి ఉమ్మి చాలు,
రాతి మీద తప్పు
మనవళ్ళు కూడా చదువుతారు.

వాడు ఫోను చేశాడు.
ఒకాయన ఇంకొకాయన్ని అడగమన్నాడు,
ఆ ఇంకొకాయన ప్రెస్సు వాణ్ణి అడగమన్నాడు,
ప్రెస్సు వాడు పెళ్ళిలో ఉన్నాడు.
నేను దారం పట్టుకుని సుద్ద గీతలు కొడుతూ ఉన్నాను.
దీపాల వేళయింది. ఫోన్లు తెగలేదు.

పై నాలుగు వరసలూ చెక్కేశాను.
ఐదోదాన్లో
ద దగ్గరికొచ్చేసరికి
కణుపు మీద ఎప్పటిదో దెబ్బ
చిన్నగా సలిపింది.
దాని కింద ఉలి ఆనించకుండానే
పక్క అక్షరానికి జరిగాను.

భుజమ్మీదుగా తొంగి చూసి
కుర్రాడు అడిగాడు:
"మరి దీనికేమన్నా తగ్గిస్తావా?"

"ఒత్తుకి లెక్క లేదని
పొద్దున్నే చెప్పా గదబ్బాయ్."