ఏడో తీగ

మా నాయన మునిరత్నం
ముప్పై ఒక్క ఏండ్లు కల్యాణకట్టలో కత్తి పట్టినాడు.
ఆయన వేలికి తెలియని వెంట్రుక
ఏడుకొండల కింద ఎక్కడా లేదని
మా వీధిలో ఒక మాట.

నేను ఏర్పేడు దోవలో, ఒక ల్యాబులో
టంగ్‌స్టన్ తీగలు కడతా.
వెంట్రుక మందంలో ఎనిమిదో వంతు.
ఫ్యాను ఆపాల. మాట ఆపాల.
ఊపిరి కూడా పక్కకు తిప్పి వదలాల.
ఇరవై నాలుగు తీగలు, గుండ్రంగా,
పసిబిడ్డ గాజుకు కూడా చాలనంత చుట్టులో.

ఒకసారి తెగిన ముక్కను కాగితంలో మడిచి ఇంటికి తెచ్చినా.
నాయన వేళ్ల మధ్య పెట్టినా.
రుద్దినాడు. మళ్లా రుద్దినాడు.
"ఏం లేదు కదమ్మే" అన్నాడు.
ఆ ముఖంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.
నా తలలోంచి ఒకటి పీకి ఇచ్చినా.
"ఆ, ఇది ఉండాది" అని నవ్వినాడు.

శుక్రవారం షాట్.
పంపులు రాత్రంతా గాలిని తోడి పారబోసినాయి.
ఇంకాస్త దూరం పోతే కాళహస్తి,
ఆడ దీపం ఊగితే గాలికి మొక్కుతారు.
ఈడ మా ఉక్కు గదిలో
ఊగించేదానికి చిటికెడు మిగలకూడదు.
కెపాసిటర్లు నిండినాయి.
చెంగల్రాయుడు సారు అంకెలు వెనక్కి లెక్కపెట్టినాడు.

ఢప్.
అటక మీంచి బియ్యం మూట జారినట్టు.
అంతే మాకు వినపడింది.

అది వినపడే లోపలే అంతా అయిపోయింది.
లక్షల ఆంపియర్లు ఒక్కసారి తోసుకొస్తే
తీగలకు కరిగే తీరిక కూడా లేదు.
లోహం ప్లాస్మా అయి,
తన కరెంటు పుట్టించిన అయస్కాంతమే తన్ను పట్టి పిసికితే,
క్యూ కాంప్లెక్సులో గేటు తీసినప్పటి జనం మాదిరి
ఇరవై నాలుగూ నడిమధ్యకు ఉరికి
ఆగేదానికి చోటు లేక
ఒకదాని మీద ఒకటి కూలి,
అప్పుడు
కంటికి ఆనని వెలుగు.
విరిగిన చేతిని చూపించే ఎక్స్‌రేనే.
ఈ గోడ నుంచి ఆ గోడకు
వెలుతురు నడిచేంత సేపు, అంతే దాని ఆయుష్షు.

సాయంత్రం ఫిల్ము కడిగినాం.
వెలుగు పడిన చోటే నల్లబడే ఫిల్ము.
సూదిబెజ్జం కెమెరా పట్టిన బొమ్మ:
నిలువునా ఒక సన్నని గీత,
అక్కడక్కడ ముడులు పడి, నూనె పెట్టని జడ మాదిరి.
మధ్యలో ఒక చోట వంకర.
సారు భూతద్దం పెట్టి చూసినాడు.
"అస్థిరత," అన్నాడు. "ప్లాస్మా గుణం. ఎవరేం చేస్తారు."

నాకు తెలుసు.
ఏడో తీగ.
అది కట్టేటప్పుడు ఫోను మోగింది,
కండ్లాసుపత్రిలో నాయన నంబరు పిలిచినారని.
పిసరంత వదులు. విప్పి మళ్లా కట్టలేదు.
వేలికే దొరకని తీగలో
కంటికే దొరకని వదులు.
కరెంటు దాన్ని ఎంచి చూపించింది.

రాత్రి నాయనకు చెప్పినా.
చేతులు ఒళ్లో పెట్టుకొని చానా సేపు కూర్చున్నాడు.
"తలకాయలో ఒక్క గాటు పడితే
ఆ మనిషి కొండ దిగేదాకా తడుముకుంటానే ఉంటాడు."

సోమవారం.
స్పిరిట్ గుడ్డతో గది లోపల తుడిచినా.
గుడ్డకు బూడిదరంగు మసి,
శుక్రవారంలో మిగిలింది అదే.
ఫోను బయట బల్ల మీద పెట్టినా.
ఆరు తీగలు అయినాయి.
ఊపిరి పక్కకు తిప్పుకున్నా.