ఏడో ప్రశ్నకు తెలుగు

ఆసుపత్రి మూడో అంతస్తులో
పాత ఎక్స్‌రేలు దాచే గది పక్కన
నాకో బల్ల, రెండు కుర్చీలు, తిరగని ఫ్యాను.
జబ్బు నయమైనవాళ్ళ తర్వాతి బతుకు గురించి
ఇంగ్లీషులో ఇరవై ఎనిమిది ప్రశ్నలు.
తమిళంలోకి కయల్విళి డాక్టరుగారు ఎప్పుడో మార్చేశారు.
తెలుగు నా వంతు.
నాదా, పెరంబూరు తెలుగు.
అక్షరాలు కార్పొరేషన్ బడిలో,
తిట్లు మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను.

ఏడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను.
"గత వారం రోజుల్లో మీకు అలసటగా అనిపించిందా?
అసలు లేదు, కొద్దిగా, బాగా, చాలా ఎక్కువగా."

చీకటుండగానే తడలో రైలెక్కి
నూట పన్నెండో టోకెను చేతిలో నలుపుతూ
ఎదురుగా దొరసానమ్మ.
రవికలు కుట్టే మనిషి. మందులాపి ఆరేళ్ళు.
ప్రశ్న విని నవ్వింది.
"అలసటంటే పని చేసినాక వచ్చేది గదా నాయనా.
ఇది నాకంటే ముందే లేచి
మంచం అంచున కూర్చోనుంటాది."

అలసట కొట్టేశాను. నీరసం అని రాశాను.
"నీరసం మజ్జిగ తాగితే పోతాది."
ఆయాసం?
"అది మెట్లెక్కితే."
నిస్సత్తువ?
"అది రేడియోలో చెప్పే మాట."
కాగితం మీద గీతలే మిగిలాయి.

పదకొండో ప్రశ్న, వేళ్ళలో తిమ్మిరి.
ఆమె మాట్లాడలేదు. చూపుడువేలు చాపింది.
సూది పోట్లు. కొన్ని పాతవి, ఒకటి నిన్నటిది.
"గుచ్చుకున్నట్టు నాకు తెలీదు.
తెల్లగుడ్డ మీద ఎర్రచుక్క కనబడితే తెలస్తాది.
అందుకని ముదురు రంగులే ఒప్పుకుంటా ఉండా.
దొరసానమ్మకి పొగరెక్కిందంటారు ఊళ్ళో."
దీనికి ఏ గడిలో టిక్కు పెట్టను?

లేస్తూ అడిగింది, ఈ కాగితం ఎవరు చదువుతారని.
ముందు కంప్యూటరు చదువుతుందన్నాను.
"దానికి చెవులుండవు గదా.
గట్టిగా రాయి."

మధ్యాహ్నం పుత్తూరు మునిశేఖర్.
తొమ్మిదేళ్ళప్పుడు రక్తంలో జబ్బు, ఇప్పుడు ఇరవై నాలుగు,
అంబత్తూరు ఎస్టేట్‌లో లేత్ మిషను మీద పని.
ఫారం నెత్తిన నేను రాసిన "క్యాన్సర్ విజేత" చూసి
"ఎవరితో పందెం సార్?" అన్నాడు.
"పక్క మంచం కతిరవన్ ఓడిపోయాడా అయితే?"
ఆ మాట కొట్టేయలేదు, కాగితమే చించేశాను.

వాడి ఫైలు ఇటుకంత మందం.
ఇంట్లో సంబంధాలు చూస్తున్నారట.
నాకు పిల్లలు పుడతారా అని ఎవర్నడగాలో
ఆ ఇటుకలో ఎక్కడా లేదు.
ఏటేటా వచ్చాడు,
ఏటేటా "బాగున్నావు, వెళ్ళిరా" అన్నారు.
నా ఇరవై ఎనిమిదిలోనూ అది లేదు.
పెన్సిలుతో మార్జిన్‌లో రాశాను,
చోటు చాలక కాగితం తిప్పి అడ్డంగా.

సాయంత్రం డాక్టరుగారు చూశారు.
"మార్జిన్లను కంప్యూటరు తీసుకోదు, తెలుసా?"
తెలుసన్నాను.
కళ్ళద్దాలు తుడుచుకుని
మళ్ళీ మార్జిన్లే చదివారు.
చాలాసేపు.
"ఇంకో ముప్ఫై మందిని అడుగు. పెన్సిలు చెక్కుకో."

సెంట్రల్లో వాన. లోకల్ రైలు కిటికీ మూసుకోదు.
బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, ఫారం దాని మీద పరుచుకుని
ఏడో ప్రశ్న మళ్ళీ రాశాను.
"పొద్దున మీరు లేవకముందే
ఏదో లేచి మంచం అంచున కూర్చున్నట్టు ఉంటోందా?"
కింద నాలుగు గడులు గీశాను.
బేసిన్ బ్రిడ్జి దగ్గర రైలు కుదిపింది,
నాలుగోది కొంచెం పెద్దదయింది.
చెరపలేదు.